నాగజెముడు కంచె బొమ్మ

ఒక్క పసుపు పువ్వు కోసం మా అక్క శెనక్కాయ చేను మేకల పాలు చేసి, ఆపైన ఆమె స్నేహితురాలిని నోటికొచ్చినట్టు తిట్టిన ఘనుణ్ణి నేను. మీరు నవ్వండి. నాకు మాత్రం తలచుకుంటే నా మీదే ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో నాకు నీటిరంగుల పిచ్చి. ఫోన్‌లో ఎవరో ఎడారి ముళ్ళచెట్లను పూలతో సహా గీస్తుంటే చూసి, నేనూ అంతటివాణ్ణేనని తీర్మానించుకున్నాను. ఎడారి లేకపోతేనేం? విడవలూరు దగ్గర, సముద్రం ఒడ్డున అక్కవాళ్ళ ఇసుక చేను చుట్టూ నాగజెముడు కంచె విరగబూసి ఉంది. రంగుల పెట్టెతో అక్క ఇంట్లో దిగి, ఒక రోజంతా కంచె ముందు కూర్చుని బొమ్మ పూర్తిచేశాను.

మర్నాడు చేలో మేకలు పడ్డాయి. అక్కకు ఆ ఏడాదికి ఉన్న ఒక్క పంటలో సగానికి మోళ్ళే మిగిలాయి. మేకలు అక్క స్నేహితురాలు, పక్కింటి సుబ్బమ్మవి. అక్క నోరు తెరిచేలోపే నేను పెనం మీద ఆవగింజలా ఎగిరాను.

"మేకల కోసం కంచె కొట్టేసినావు కదా? సిగ్గుండాల!"

"నేనెందుకు కొడతానయ్యా? నువ్వు చూసినావా?"

"చూడాల్నా? నీ మొహమే చెప్తా ఉండాది!"

సుబ్బమ్మ ఏడ్చేసింది. అక్క సాక్ష్యానికి నా బొమ్మ పట్టుకొచ్చింది. "చూడు సుబ్బమ్మా, నిన్న మావాడు వేసింది. నిన్నటికి కంచె గట్టిగానే..." అంటూ ఆగిపోయింది. బొమ్మలో పువ్వు పక్కన మనిషి దూరేంత సందు!

పాపం, అక్కే సర్దుకుంది. "మావాడికి బొమ్మలు రావులే. గుబురు వేసేది చేతగాక ఖాళీ వదిలేసినాడు."

మునిగేవాడి ముందుకొచ్చిన పడవండీ ఆ మాట! గమ్మున ఎక్కి కూర్చోవలసింది. కానీ నాలోని కళాకారుడికి కళ్ళు ఎర్రబడ్డాయి.

"చేతగాకనా? ఉన్నది ఉన్నట్టు వేసినానక్కా! పువ్వుకు అడ్డంగా ఎండు జెముడు మట్టలు ఉంటే నేనే కొడవలితో కొట్టేసినా. సందు కొలత కూడా తప్పలేదు!"

గట్టు మీద మేకలు సైతం నమలడం ఆపాయి.

"ఆ కొడవలి ఇట్టా తే," అంది అక్క.

"వద్దులే అక్కా," అంది సుబ్బమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "కొత్త మట్టలు నాటించు. అవి ఎదిగేదాకా ఆ సందులో ఈయన్నే నిలబెట్టు."

నిలబడ్డాను. మేకలు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరువలేను.

సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై నాకు బొమ్మలు రావని ఎవరన్నా సరే, చేతులు కట్టుకుని, "అవునండీ, బొత్తిగా రావు" అంటాను.