జకరయ్య మేస్త్రి పిడికిట్లో నూలు

మంగళగిరి షావుకారు గారి కారు ఇంజను ఆయిలు కక్కడంలో నా తప్పేమీ లేదు. తప్పు నాదేనని మా జకరయ్య మేస్త్రి పదిమందిలో చెప్పారు. నిజం తెలిసే చెప్పారు. ఇప్పటికీ వీధిలో ఏ బండి కిందనుంచైనా కాలిన ఆయిలు వాసన కొడితే నాకు ముందు ఆ మాటే వినబడుతుంది.

అవి డెబ్బైల నాటి రోజులు. బెజవాడలో ఆయన షెడ్డులో నేను ఇంజను పని చేసేవాణ్ణి. అప్పటికే ముప్పై దాటాయి. ఐదో తరగతితో బడి మానేసినా, ఇంజను పుస్తకాల ఇంగ్లీషు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ గీర కాస్త ఉండేది. మేస్త్రి ఆదివారం చర్చికి పట్టుకెళ్ళే బైబిలు తప్ప ఇంకో పుస్తకం తెరవగా నేను చూడలేదు. ఇంజను దగ్గరికొస్తే మాత్రం, పానా పట్టేముందు చెయ్యి పెట్టి చూసేవారు.

దసరా ముందు షావుకారు గారి అంబాసిడర్‌కి కొత్త పిస్టను రింగులు వేసింది నేనే. పండగ వెళ్ళిన నాలుగో రోజున ఆ కారు మళ్ళీ వచ్చింది. ఆయిలు కొలిచే పుల్ల దగ్గర్నుంచీ ఆయిలు ఎగజిమ్ముతోంది. ఇంజను కిందంతా తడి.

"రింగులు తిరగేసి బిగించాడేమో మీ పండితుడు" అన్నారు షావుకారు గారు. షెడ్డంతా నవ్వింది.

మేస్త్రి ఇంజను నడుస్తుండగానే ఆయిలు పోసే మూత తీయించారు. "చెయ్యి పెట్టు. ఏం తెలిసింది?"

"గాలి తంతోందండి."

"ఇప్పుడు పుల్ల దగ్గర చూడు."

జిమ్మడం ఆగిపోయింది. "గాలికి దారి ఉంటే ఆయిలు ఎందుకు బయటికొస్తుంది? ముందు దారి చూడాలి, తర్వాత రింగులు" అంటూ ఆయనే కారు కింద దూరారు. ఇంజను లోపలి గాలి బయటికి పోవడానికి పక్కన ఒక గొట్టం కిందికి వేలాడుతుంది. బయటికొచ్చినప్పుడు ఆయన పిడికిలి బిగించి ఉంది. వేళ్ళ సందున నూలు పోగులు కనిపించాయి. షావుకారు గారి ముసలి డ్రైవరు వెంకటస్వామి మొహంలో నెత్తురు లేదు. మేస్త్రి అతని వైపు ఒక్కసారి చూశారు.

"మావాడి పొరపాటేనండి. సరిచేశాను" అన్నారు షావుకారు గారితో.

కారు కడిగే వంకన వెంకటస్వామి నా పక్కకొచ్చి చెప్పాడు. "దసరా పూజకి కారుని షావుకారు గారి మగ్గాల షెడ్డులో పెట్టించారు అబ్బాయ్. అలికిన నేల మీద ఆయిలు చుక్కలు పడతాయని, చేతికందిన నూలు చిక్కు ఆ గొట్టంలో కుక్కాను. తియ్యడం మర్చిపోయాను."

"మరి ఆ ముక్క షావుకారుకి చెప్పవేం బాబాయ్?"

"మేస్త్రి గారు సైగ చేశారుగా, నోరెత్తొద్దని."

ఆ తర్వాత మంగళగిరి కార్లేవీ ఇంజను పనికి నా చేతికి రాలేదు. బ్రేకులు, క్లచ్చులు చూసుకోమనేవారు. మేస్త్రిని రెండుసార్లు నిలదీశాను. ఒకసారి "టీ తాగుదాం పద" అన్నారు, రెండోసారి పానా అందుకుని కారు కింద దూరారు. ఏడాది చూసి, చల్లపల్లిలో సొంత షెడ్డు పెట్టుకుని వెళ్ళిపోయాను. ఆయిలు కక్కే ఇంజను ఎవరు తెచ్చినా ముందు మూత తీసి అరచెయ్యి పెట్టేవాణ్ణి, తర్వాత గొట్టం చూసేవాణ్ణి. సగం బండ్లు విప్పకుండానే బాగయ్యేవి. ఆ పనితనం ఆయన పెట్టిందే, కాదనను. కోపం మాత్రం తగ్గలేదు. చివరికి కూర్చుని ఆయనకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. అందరి ముందూ పోయిన నా పేరు సంగతేమిటని అడిగాను.

నెల తర్వాత కార్డు వచ్చింది. పెన్సిలుతో, వంకర అక్షరాలు.

"నూలు సంగతి తెలిస్తే షావుకారు వెంకటస్వామిని ఆ పూటే మాన్పించేవాడు. ఆ వయసులో అతనికి ఇంకో కారు ఎవరిస్తారు? నీకు నీ చెయ్యి ఉంది. నిన్ను ముందు అడగాల్సింది. అడిగితే ఒప్పుకోవని అడగలేదు."