కడప బండ మీద కరాటే దెబ్బ

ఎండాకాలం సాయంత్రం, కాగిన కడప బండ మీద నీళ్లు చల్లితే ఒక వాసన లేస్తుంది. కొంచెం సున్నం, కొంచెం వేడి కలిసిన రాతి వాసన. మొన్న ప్రొద్దుటూరులో మా పాతింటి బండలు పెరికించి టైల్స్ వేయిస్తుంటే, మేస్త్రీ దుమ్ము అణగడానికి చల్లిన నీళ్లకు ఆ వాసన లేచింది. నా కుడిచేతి చిటికెన వేలు దానంతటదే ముడుచుకుంది.

నాకప్పుడు పదకొండేండ్లు. నాయనకు బట్టలంగడి. ఆదివారం మధ్యాహ్నం అంగడి మూసి అందరం అన్నాలు తిన్నాక, టీవీలో తెలుగు మాటలు పెట్టిన కరాటే సినిమాలు వచ్చేవి. శత్రువులు ఇరవై మంది ఉన్నా, మర్యాదగా ఒకరి తర్వాత ఒకరు వచ్చి తన్నులు తిని పోయేవాళ్లు. హీరో గోడల మీద నడిచేవాడు, తెల్లగడ్డం జపాను గురువు మా పురోహితుడికంటే గట్టి గ్రాంథికం మాట్లాడేవాడు, చివర్లో హీరో కళ్లు మూసుకుని ఒక్క అరుపుతో పది పెంకుల దొంతర పగలగొట్టేవాడు. మా జేజి, అంటే నాయనమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "పాపం, ఆ పెంకులు ఎవురింటివో" అనేది.

ఆ సినిమాల పిచ్చితోనే మస్తాన్ మాస్టర్ దగ్గర చేరాను. ఆయన పగలు గడియారాలు బాగుచేసేవాడు, తెల్లారుజామున శెనక్కాయల మిల్లు ఆవరణలో, నూనెచెక్క వాసన మధ్య మాకు కరాటే నేర్పేవాడు. రెండు నెలలు వంగి దండం పెట్టడం, పిడికిలి బిగించడం, ఒక్కటే గుద్దు. ఎగిరేది ఎప్పుడని అడిగితే నవ్వి, "సినిమావోళ్లు అబద్ధం చెప్పరు పాపా. మూడేండ్ల పని మూడు నిమిషాల్లో చూపిస్తారంతే" అన్నాడు.

నాయన ఒకే షరతు మీద ఒప్పుకున్నాడు: దెబ్బ తగిలిన రోజే క్లాసు బంద్. నాకేమో ఆ క్లాసే ప్రాణం. ఇంట్లో, అంగట్లో అందరూ ఆడపిల్లవు, మెల్లగా మాట్లాడు అనేవాళ్లే. గట్టిగా అరవమన్న మనిషి మాస్టర్ ఒక్కడే.

ఉగాది పొద్దున, అమ్మ ఓళిగలు, అంటే బొబ్బట్లు, కాలుస్తుంటే, నేను పెరట్లో పరీక్షకు దిగాను. పెంకులు మా ఇంట్లో యాడివి? నేల బండే, అరుగు బండే, మిద్దెకప్పు కూడా బండే. రెండు ఇటుకల మీద బండముక్క పెట్టి, కళ్లు మూసుకుని, అరిచి కొట్టాను. బండకు ఏమీ కాలేదు.

మధ్యాహ్నం వేడి ఓళిగ మీద నెయ్యి కారుతుంటే, పండగపూట ఎడమచెయ్యి చాపాను. జేజి చూసేసింది.

"కుడిచెయ్యి దాంకోని ఏం జేస్తాండావే?"

చిటికెన వేలి కింద ఎముక విరిగిందని డాక్టరు కట్టు కట్టాక నాయన "ఇంగ సాలు, రేపట్నించి పోయేది లేదు" అన్నాడు. ఏడుపంతా అప్పుడే వచ్చింది. సాయంత్రం సంగతి తెలిసి మాస్టర్ వచ్చాడు. నన్ను తిడతాడనుకున్నాను. ఆయన నాయన ముందు నిలబడి, మాకు నేర్పినట్టే నడుము దాకా వంగాడు.

"తప్పు నాదే అన్నా. ఎట్ల కొట్టాల్నో నేర్పిస్తి. యాడ కొట్టగూడదో చెప్పకపోతి."

జేజి మాస్టర్ చేతికి ఓళిగల గిన్నె ఇచ్చి, "ఇరిగింది చెయ్యే కదప్పా. కాళ్లు బాగనే ఉండాయి. అది అతుక్కునేదాంక నిలబడేది నేర్పు" అంది. ఆమె మాట మీద నాయన మాట ఉండేది కాదు.

మర్నాడు మాస్టర్ మా ఇంటికే వచ్చి, నన్ను ఆ బండముక్క ముందు నిలబెట్టి, దానికి వంగి దండం పెట్టమన్నాడు. ఎదుటివాడి బలం తెలిశాకే చెయ్యి ఎత్తాలట. తర్వాత నెలన్నర పాటు మోకాళ్లు వంచి, గుర్రమెక్కినట్టు నిలబడటం ఒక్కటే నేర్చుకున్నాను. ఏ సినిమాలోనూ అది చూపించలేదు. అయినా ఆ సినిమాల మీద నాకు కోపం లేదు, అవి లేకపోతే నేను ఆ మిల్లు గేటు దాటేదాన్నే కాదు.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, అపార్ట్‌మెంట్లు లేచాయి. జేజి లేదు, మాస్టర్ లేడు. పెరట్లో మాత్రం, తులసికోట వెనక, ఆ బండముక్క ఉండింది.

"పారేద్దునా మేడమ్, పనికిరాదు ఇది" అన్నాడు మేస్త్రీ.

ఆగమన్నాను. కాళ్లు దగ్గర పెట్టి, చేతులు పక్కన ఆనించి, నడుము దాకా వంగాను. అది అట్లనే ఉండనీ అని చెప్పి లోపలికి వచ్చేశాను.