రంగు మనది కాదు, ఆకుది

పార్సిలు కవరు చింపగానే పులిసిన వాసన గుప్పుమంది. ఫిల్మును మందులో ముంచినవాడు తర్వాత నీళ్లలో సరిగ్గా కడగలేదని ఆ వాసనే చెప్పేసింది. రీలును కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టుకుని చూశాను. భోగాపురం వైపు మిగిలిన జీడితోటల్లో, ఈ వయసులో, మూడు రోజులు ఎండలో తిరిగి తీసిన ఫొటోలవి. ఎర్రటి జీడిపండు నాచు రంగులో ఉంది. తెల్లటి మబ్బు నల్లగా ఉంది. మొదటి ఫ్రేములో పెట్టిన నా అరచెయ్యి పాము కరిచినవాడి చెయ్యిలా నీలంగా ఉంది. స్లైడు ఫిల్మును తీసుకెళ్లి మామూలు నెగెటివు ఫిల్ము మందులో ముంచేశారు! వెంటనే ల్యాబుకి ఫోను చేశాను.

"సార్, దాన్ని క్రాస్ ప్రాసెస్ అంటారు. వింటేజ్ లుక్. అందరూ అడిగి మరీ చేయించుకుంటారు" అన్నాడొక కుర్రవాడు.

"నేను అడిగానా?"

"మా ల్యాబు ఎంచుకున్నది మీరే కదా సార్."

నోటికొచ్చినట్టు అరిచి ఫోను పెట్టేశాను. నన్నా వాడు అనేది? రాసుకోండి: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రంగు స్లైడుకి ల్యాబు ఎంచడంలో నన్ను మించినవాడు పుట్టలేదు. నా సర్వీసులో పదకొండు ల్యాబులను పరీక్షపెట్టి, పదింటిని గడప దగ్గరే తిరగ్గొట్టాను. ఒక ల్యాబువాడైతే నా పేరు వింటేనే షట్టరు దించేసేవాడు.

సరే, షట్టరు సంగతి అబద్ధం. ల్యాబులు కూడా పదకొండు కాదు, మూడు. వాటికి పరీక్ష పెట్టింది నేను కూడా కాదు, పైడిరాజు గారు.

పైడిరాజు గారిని మీరెవరూ చూసి ఉండరు. నలభై ఏళ్ల కిందట రాజాంలో, రైతులకి సాగు పాఠాలు చెప్పే ఒక చిన్న ఆఫీసులో ఆయన నా పై అధికారి. చేలల్లో తిరిగి ఆకుల జబ్బులకి ఫొటోలు తియ్యడం ఆయన పని, వాటిని తెర మీద వేసి చూపించడం నా పని. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆయన ఒక్కసారి కూడా నాతో మెత్తగా మాట్లాడిన గుర్తు లేదు. నేనేదైనా గొప్పలు పోతే అద్దాలు ముక్కు మీదికి జార్చి, "నీకు సత్యం అని పేరెట్టినోలు ఎవుల్రా? ఆలని ఓపాలి సూడాల" అనేవారు.

స్లైడు అంటే ఏమిటో ఈ కాలంవాళ్లకి చెప్పాలి. మామూలు ఫిల్ములో రంగు కొంచెం అటూ ఇటూ అయితే ప్రింటు వేసేటప్పుడు దిద్దుకోవచ్చు. స్లైడులో ఆ వీలు లేదు. ఆ ఫిల్ము ముక్కే ఫొటో. ల్యాబులో మందు పాతబడితే ఆకు రంగు మారిపోతుంది, మారిన రంగే తెర మీద మనిషంత పెద్దదై కనిపిస్తుంది. "ల్యాబోడు ఏటిస్తే రైతు అదే సూస్తాడు" అనేవారు పైడిరాజు గారు. "ఆ రంగు మనది కాదురా, ఆకుది. మార్సడానికి ఆడెవుడు, నువ్వెవుడివి?"

ఆయన ల్యాబు ఎంచిన పద్ధతి ఇది. ఒకే రోజు, ఒకే ఎండలో మూడు రీళ్లు తీశారు. మూడింటిలోనూ మొదటి ఫ్రేము ఒకటే: ఆయన అరచెయ్యి, అందులో ఒక పసుపుకొమ్ము, వెనకాల నెల్లిమర్ల మిల్లు గోనెసంచి. మూడింటినీ మూడు ల్యాబులకు పంపారు. స్లైడు తిరిగొచ్చాక దాన్ని వెలుగుకి పెట్టి, పక్కనే తన చెయ్యి ఆనించి చూసుకునేవారు. నెల తిరిగాక మళ్లీ అదే పని చేశారు. ఇంకెందుకండీ, మొదటిసారే తేలిపోయింది కదా అన్నాను. "ఒకపాలి బాగా సేసినోడు మంచోడు కాడ్రా. రెండోపాలీ అలగే సేసినోడు మంచోడు" అన్నారు.

రెండోసారి నిలబడింది మద్రాసు ల్యాబు ఒక్కటే. అయితే అక్కడివాడు కార్డు ముక్క మీద కచ్చితంగా రాసి పంపాడు: స్లైడులు బుధవారమే కడుగుతాం, సరిపడా రీళ్లు పోగయ్యాకే కొత్త మందు కలుపుతాం, తొందరపెట్టవద్దు. నాకు ఒళ్లు మండింది. "వాడికెంత పొగరండీ!" అన్నాను. ఆయన ఆ కార్డును గోడకి మేకు కొట్టి తగిలించారు. "'రేపే ఇచ్చీస్తాను' అన్నోడి కాడ నిలబడకు. 'ఆగు' అన్నోడి కాడే మందు తాజాగుంటాది."

ఆ ఏడు వరి పొట్ట మీదున్నప్పుడు ఎండాకు తెగులు వచ్చింది. ఈ తెగులులో ఆకు అంచుల వెంట గడ్డి రంగు పసుపు దిగుతుంది, నడుమ ఇంకా పచ్చగానే ఉంటుంది. ఎరువు చాలక ఆకలితో ఉన్న ఆకు అలా కాదు, ఆకంతా పాలిపోతుంది. ఆకలి ఆకుకి యూరియా వెయ్యాలి. తెగులు ఆకుకి వేశామా, అగ్నిలో ఆజ్యం పోసినట్టే. పైడిరాజు గారు ఆ రెండు ఆకుల్నీ ఒకే రీలులో తీసి, హైదరాబాదులో పన్నెండు రోజుల శిక్షణకి వెళుతూ రీలు నా చేతిలో పెట్టారు. "మద్రాసు పంపు. నాను వచ్చీసరికి వస్తాది. అందాకా ఎవులికీ ఏటీ సెప్పకు."

నేను మద్రాసు పంపలేదు. తెగులు పాకిపోతోంది, రైతులు అల్లాడిపోతున్నారు, వాళ్ల మీద జాలితో దగ్గర పట్నంలోని ల్యాబుకి పట్టుకెళ్లాను. చాలామందికి ఇలాగే చెప్పాను. జాలీ లేదు, గీలీ లేదు. పైడిరాజు గారి రెండో పరీక్షలో తప్పిన ల్యాబే అది. దాని యజమాని నాకు కుర్చీ వేయించి, టీ తెప్పించి, "ఆఫీసర్ గారూ, రేపు సాయంత్రానికి రెడీ" అన్నాడు. అప్పటిదాకా నన్ను ఆఫీసరని పిలిచిన మనిషి లేడు. పైడిరాజు గారు తిరిగొచ్చేసరికి పాఠం నేనే చెప్పేసి, ఊళ్లన్నీ నన్ను మెచ్చుకుంటుంటే ఆయన చూడాలని నా కోరిక.

స్లైడులు మర్నాడే వచ్చాయి. ఎప్పటిలాగే మొదటి దాంట్లో ఆయన చెయ్యి ఉంది. దాన్ని దేనితోనూ పోల్చలేదు. రైతులకి అక్కర్లేనిది కదా అని చెత్తబుట్టలో పారేశాను. ఆకుల స్లైడులన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. అంచే పసుపెక్కిన ఆకేదో, ఆకంతా పాలిపోయిందేదో తెలియలేదు. కంటికి తోచినట్టు పేర్చేశాను. రాజాంకి అరగంట దూరంలోని ఒక ఊళ్లో, మధ్యాహ్నం బడిగది కిటికీలకు గోనెసంచులు కట్టి చీకటి చేసి, తెగులు ఆకును తెర మీద వేసి, "ఇది ఆకలి. ఎకరానికో బస్తా యూరియా వెయ్యండి" అని ఢంకా బజాయించి చెప్పాను. ఆ గదిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ముందు వరుసలో కూర్చున్న రాములమ్మ, వరసకి వదిననేవాణ్ణి, ఆ ఊళ్లో తనంతట తానే సాగు చేసుకునే మనిషి, ఆవిడ కూడా తలూపింది. తప్పంతా ఆ ల్యాబువాడిది. అంత పెద్ద అద్దాల కొట్టు పెట్టుకుని పాచిపోయిన మందులో ముంచుతాడా!

వారం తిరిగేసరికి మడులు మంట తగిలినట్టు అయిపోయాయి. పైడిరాజు గారు బస్సు దిగుతూనే కబురు విని తిన్నగా ఆ ఊరికే వెళ్లారు. అక్కణ్ణుంచి ఆఫీసుకొచ్చి, "మొదటి స్లైడు ఏదిరా?" అన్నారు. నేను మూలనున్న చెత్తబుట్ట వైపు చూశాను. ఆయన దాన్ని నేల మీద బోర్లించి, కూర్చుని, కాగితాల్లో వెతికి తీశారు. కిటికీ దగ్గర దాని పక్కన తన చెయ్యి పెట్టారు.

"ఇది ఎవుల సెయ్యిరా?"

"తమరిదేనండీ."

"కామెర్లోడి సెయ్యిరా ఇది! నాకు కామెర్లున్నాయేట్రా?" ఆ అరుపుకి పక్క గదిలో టైపు మిషను ఆగిపోయింది.

ఆ మర్నాడు ల్యాబుకి వెళ్లాం. నేను వాడి కాలరు పట్టుకుని కౌంటరు అద్దం పగలగొట్టానని మా పిల్లలకి చెప్పి పెంచాను. నిజానికి నేను బయట పైడిరాజు గారి గొడుగు పట్టుకుని నిలబడ్డాను. లోపల ఆయన ఒకటే అడిగారు: "ఈ మందు కలిపి ఎన్నాలైంది?" యజమాని నవ్వి, "కొంచెం వార్మ్‌గా పసుపు వైపుకి వచ్చిందండీ, అంతే. ఎడ్జస్టు చేసుకోండి" అన్నాడు. పైడిరాజు గారు జేబులోంచి ఎండిపోయిన వరి ఆకు తీసి వాడి బల్ల మీద పెట్టారు. "ఎడ్జస్టు సెయ్యి. నీ ముందే ఉన్నాది కదా. పచ్చగా సెయ్యి, సూస్తాను." వాడి నవ్వు ఆగిపోయింది. ఆయన పిడికిళ్లు బిగించి నిలబడే ఉన్నారు. గొడుగు కింద నేను, ఆ కోపం వాడి మీద ఎంత ఉంటే నామీద అంత తక్కువుంటుందని లెక్క వేసుకుంటున్నాను.

ఆ ఆదివారం అదే బడిగదిలో, కిటికీలన్నీ తెరిచి, రైతుల ముందు నిలబడ్డారు. "తప్పు నాది" అన్నారు. "రంగు సూడకుండా బొమ్మ మీ ముందుకొచ్చింది." ఒక పెద్దాయన లేచి, "తమరు ఊల్లోనే నేరు కదా బాబూ, తప్పు తమరిదెలగైతాది?" అన్నాడు. పైడిరాజు గారు నావైపు చూడలేదు. చూస్తారేమోనని నేను నేలనే చూస్తూ నిలబడ్డాను. బస్సులో మాత్రం కిటికీ బయటికి చూస్తూ అన్నారు: "ఇకనుంచి మొదటి ఫ్రేములో నీ సెయ్యెట్టు. నా సెయ్యి నువ్వు పోల్సనేవు. నీదైనా పోలుస్తావేమో."

అప్పటి నుంచి పెడుతున్నాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఆ కోపం మాత్రం నాకు ఇచ్చిపోయారు. "ఫర్వాలేదు", "దాదాపు అదే", "ఎవరు చూస్తారు" అన్న మాటలు ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ కణతలు అదురుతాయి. కానీ ఈసారి రెండో రీలు తీసి పరీక్షించే ఓపిక లేక, ఫోనులో "నలభై ఎనిమిది గంటల్లో" అన్న ప్రకటన చూసి పంపేశాను. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చినా నేను "రేపే ఇచ్చేస్తాను" అన్నవాడి దగ్గరే నిలబడ్డాను. ఆ కుర్రవాడి మీద అరిచిన అరుపులో సగం నామీదే.

ఈ రాత ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఎందుకో మనసొప్పలేదు. నా మాట నమ్మి చేను పోగొట్టుకున్న మనిషికి ఒకసారి వినిపించాలనిపించి, నిన్న బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. రాములమ్మ వదిన అరుగు మీద ఉలవలు చెరుగుతోంది. ఎనభై దాటినా చెయ్యి ఆగదు. మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆవిడ చెరుగుతూనే వింది.

"సదవడం అయిపోనాదా?" అంది.

"అయిపోయింది వదినా. నన్ను క్షమించు. నా మాట విని నీ చేను..."

"నా సేనుకేటైనాది? నాను యూరియా జల్లితే కదా!" చేట కింద పెట్టింది. "నాను తలూపినానా? నిలబడి సెప్పినాను. 'బాబూ, మా ఆకుకి అంచే పసుపు, నీ బొమ్మలో ఆకంతా పసుపు, నీ బొమ్మలోనే ఏటో తేడా ఉన్నాది' అని. 'సత్వారం వచ్చిందేటి వదినా, అద్దాలెట్టుకో' అని నువ్వు అందర్నీ నవ్వించీసినావు. ఆ నవ్వినోల సేలే పోనాయి. ల్యాబోడిని తిట్టింది సాలు. అది రాయి."