నది బతికిన సినిమా

మున్సిపాలిటీవారి పిల్లల గ్రంథాలయంలో పనిచేసే ఆవిడను అందరూ సూదక్క అనేవారు. చిరిగిన పుస్తకాలను తన చేత్తో కుడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆవిడ నమ్మకం. మాట గుచ్చుకుంటుంది కాబట్టి వచ్చిందని తోటివాళ్ల నమ్మకం.

ఆ సోమవారం ఆవిడ తలుపు తీసేసరికి కిటికీ పక్క అలమరలన్నీ ఖాళీ. గోడకు మనిషెత్తు తెర బిగించి ఉంది. గదిలో పిల్లల జాడ లేదు గానీ ఏసీ మాత్రం హోరుమంటోంది. వెనక వాకిట్లో పుస్తకాలను గోనెసంచుల్లో కుక్కుతున్నారు. గుజ్జు చేసే మిల్లుకట. ఒక లారీ అప్పుడే వెళ్లిపోయింది.

సూదక్కకు ఒళ్లు మండిపోయింది. సరాసరి డైరెక్టరు గదిలోకి నడిచింది.

"పర్యావరణ పథకమమ్మా," అన్నాడాయన తాపీగా. "కాగితం తగ్గించాలి. కార్టూన్ సినిమాగా వచ్చిన కథలకు ఇంకా పుస్తకాలెందుకు?"

"వీటిని రుబ్బేస్తే కొట్టేసిన చెట్లు లేచి నిలబడతాయా సార్? ఎవరూ లేని గదిలో ఏసీ దేనికి, చెట్ల కోసమా?"

"వచ్చేవారం తెరకు ప్రారంభోత్సవం. మీరు కాస్త నవ్వుతూ ఉండండి, చాలు."

నవ్వట. ఆవిడ వాకిట్లోకి వెళ్లి, సంచిలోంచి ఒక నవల లాక్కుంది. ఫ్యాక్టరీ విషానికి నది చచ్చిపోతే, ముసలి పడవవాడు పడవ వదిలేసి ఊరు విడిచిపోయే కథ అది. ప్రారంభోత్సవానికి వేయబోయేది దాని కార్టూనే. బొమ్మలు గీసినవాళ్లలో సూదక్క చెల్లెలూ ఉంది.

ఆవిడ తెర మీద సినిమా వేసుకుని చూసింది. చివర్లో ఫ్యాక్టరీ యజమాని సారీ చెప్పాడు. నీళ్లు చిటికెలో తేటపడ్డాయి. చేపలు గంతులేశాయి. వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఏమే, చచ్చిన నదిని ఎవరు బతికించారు?"

"నేను నల్లనీళ్లే గీశానక్కా. పిల్లలు దిగులుపడతారని స్టూడియోవాళ్లు కోసేశారు."

"నువ్వు ఊరుకున్నావా?"

"ఊరుకోక? ఉద్యోగం పోతే నువ్విప్పిస్తావా?"

సూదక్క ఠక్కున ఫోన్ పెట్టేసింది. కోపం ఇంకా పెరిగింది.

ప్రారంభోత్సవం రోజున చేపలు గంతులేశాయి, అతిథులు చప్పట్లు కొట్టారు. సూదక్క లేచి తెర స్విచ్ కట్టేసింది. "కథ ఇంకా అవలేదు, కూర్చోండి," అని నవల తెరిచి చివరి అధ్యాయం చదవడం మొదలుపెట్టింది. డైరెక్టరు పళ్లు నూరుతూ "ఆపండమ్మా" అంటున్నా తలెత్తలేదు.

చదవడం అయ్యాక ముందు వరసలోని పిల్ల అడిగింది. "ఫ్యాక్టరీవాడిని ఏం చేశారు?"

"ఏమీ చేయలేదు. హాయిగా ఉన్నాడు."

"అదేంటి? అది తప్పు కదా?"

"తప్పే."

పిల్లలు గొంతులు పెంచి వాదులాడుకున్నారు. ఆ పుస్తకం మాకివ్వండంటూ తల్లిదండ్రులు డైరెక్టరు చుట్టూ మూగారు. అతిథుల ముందు ఆయన సరేనని తలూపాడు. రెండో లారీ రాక వాకిట్లోనే మిగిలిన సంచులు లోపలికి వచ్చాయి, పుస్తకాలు మళ్లీ అలమరలెక్కాయి.

సూదక్కను మాత్రం ఇంటిపన్ను విభాగానికి బదిలీ చేశారు. అక్క చేసిన పనికి స్టూడియోలో చీవాట్లు తిన్న చెల్లెలు ఆవిడతో చాలాకాలం మాట్లాడలేదు. మొదటి లారీలో పోయిన పుస్తకాలు తిరిగి రాలేదు. వాటి పేర్లు గుర్తొచ్చినప్పుడల్లా సూదక్క రసీదు మీద ముద్ర బల్ల అదిరేలా గుద్దేది.