చావులేని వార్డు

కోవిడ్ సద్దుమణిగాక వచ్చిన రెండో వానాకాలంలో నన్ను సూరత్‌లో ఒక జోన్ ఆఫీసుకు, జనన మరణాల విభాగంలో స్టాటిస్టికల్ అసిస్టెంటుగా వేశారు. స్వచ్ఛంద విరమణకు ముందు నా చివరి పోస్టింగు అదే. హోదా చిన్నదేమీ కాదు. పైన సబ్ రిజిస్ట్రారు, కింద ఇద్దరు గుమాస్తాలు, నెత్తిమీద ఒక ఫ్యాను. ఆ ఫ్యాను ఒక చుట్టు తిరిగేలోపు ఊళ్ళో ఇద్దరు పుట్టి ఒకరు పోయేవారు. ఎవరు ఎక్కడ ఎందుకు పోయారో వార్డులవారీగా పట్టిక వేసి, ఏడాదికోసారి రాష్ట్రానికి పంపడం నా పని. చిత్రగుప్తుడి ఉద్యోగమే, ఆయనకు ఆడిట్ లేదు, నాకుంది.

మొదటి పట్టికలోనే ఒక అద్భుతం బయటపడింది. తెలంగాణ నేతకుటుంబాలు కిక్కిరిసి ఉండే ఒక వార్డులో ఏడాది పొడుగునా ముసలివాళ్ళ చావులు దాదాపు లేవు. మరమగ్గాల మోతకు పక్కమనిషి తుమ్మినా వినపడని గల్లీలవి. అక్కడ మనుషులు పోవడం మానేశారు! ఇంటిపన్ను విభాగం పుస్తకాలు కూడా అదే సాక్ష్యం పలికాయి. తొంభై దాటిన పెద్దమనుషులు సైతం గడువుకు ముందే పన్ను కట్టి రాయితీ పుచ్చుకుంటున్నారు. మా సబ్ రిజిస్ట్రారు సాహెబ్ మురిసిపోయి, ఆ వార్డును ‘ఆదర్శ ఆరోగ్య వార్డు’గా చూపిస్తూ నివేదిక రాయమన్నారు. నేను తెలుగువాణ్ణి గనక ఆ దీర్ఘాయుష్షు రహస్యం అంబలో గటకో కనుక్కురమ్మన్నారు. కల్లు అని మాత్రం అనలేదు, గుజరాత్ కదా.

రహస్యం తానే నడిచి మా కిటికీ దగ్గరకు వచ్చింది. పేరు రాజవ్వ. మగ్గాల కార్ఖానాలో బాబిన్లు చుట్టేది. యాభై ఏళ్ళుంటాయి. వితంతు పింఛనుకు భర్త నర్సయ్య మరణ ధ్రువపత్రం కావాలి.

“సారూ, మా ఆయన సచ్చిపోయి పదకొండు నెల్లాయె. పించనాఫీసుల ఏమో, నీ మొగడు మొన్ననే ఇంటి వేరా కట్టిండు, ఎట్ల సస్తడు అంటున్నరు. కట్టింది నేను, రశీదు ఆయన పేరున వస్తది. మీ కాయితంల నేనింక పుణ్యస్త్రీనే.”

వేరా అంటే ఇక్కడ పన్ను. చట్టం ప్రకారం మరణాన్ని అది జరిగిన చోటే నమోదు చేయాలి. సిరిసిల్ల పక్కన ఆమె ఊరి పంచాయతీ కార్యదర్శి, ‘ఇక్కడికి శవమే వచ్చింది, మరణం ఇక్కడిది కాదు’ అని రాసిచ్చాడు. మా గుమాస్తాలేమో నర్సయ్య ఇక్కణ్ణుంచి ప్రాణంతోనే బస్సెక్కాడని తేల్చారు. రెండు రాష్ట్రాల్లోనూ చావని మనిషయ్యాడు. ముప్పై రోజులు దాటిన నమోదుకు ప్రమాణపత్రం, పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వే. అది తేలేసరికి రాజవ్వ చావు కూడా నమోదు చేయాల్సి వచ్చేది. మిగిలింది ఒక్క నెల.

ఎక్కడ పోయాడక్కా, నిజం చెప్పమన్నాను. ఆమె నాలుగు దిక్కులూ చూసి, “బస్సుల” అంది.

ఆ గల్లీల్లో పద్ధతి అది. డాక్టరు పెదవి విరిస్తే, ఆఖరి ఊపిరి సొంత ఊళ్ళో పోవాలని పెద్దవాళ్ళను ఊరి బస్సెక్కిస్తారు. చావుకు ముందే టికెట్టు కొంటారు గనక వార్డులో చావుల్లేవు.

“వరాఛా దాటినంక చెయ్యి సల్లగైంది సారూ. చెప్తే దించేస్తరని మఫ్లరు చుట్టి కిటికికి ఒరిగించిన. కామ్‌రేజ్‌ల బండి ఆగితే ఆయనకు చాయ్ గుడ తెచ్చిన, అందరు చూడాలెనని.”

“ఎవరు తాగిండ్రక్కా?”

“నేనే తాగిన. పైసలు వెట్టి కొన్నది గదా!”

నాలోని చిత్రగుప్తుడు లేచి కూర్చున్నాడు. కదిలే వాహనంలో మరణిస్తే, ఆ తర్వాత వాహనం ఆగిన మొదటి చోటే మరణస్థలం. సమాచారం ఇవ్వాల్సింది వాహనం నడిపేవాడు. అంటే నర్సయ్య సూరత్ బయట హైవే మీదున్న కామ్‌రేజ్ లెక్కలోకి వస్తాడు, సంతకం డ్రైవరు పెట్టాలి. ‘నా బండిలో శవం మూడు రాష్ట్రాలు తిరిగింది’ అని ఏ డ్రైవరు రాసిస్తాడు?

డ్రైవరు మల్లేశం కామ్‌రేజ్‌లో బస్సు మీదికి బట్టల మూటలెక్కిస్తూ దొరికాడు. ఒక్కో మూట చిన్న ఏనుగంత. రాజవ్వ నోరు విప్పకముందే అతనే అన్నాడు.

“గీడనే చూసిన అక్కా. వాన గదా, అందరి అద్దాలకు ఆవిరి వట్టింది. మీ ఆయన అద్దానికి పట్టలె.”

“మరి దించలేదేందిరా తమ్మీ?”

“దించితె ఏడికి వోతవు? నిజామాబాద్ దాక సిన్మా బంద్ వెట్టిన. ప్యాసింజర్లు తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టిండ్రు.”

మూట మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. మిగతా తతంగమంతా కామ్‌రేజ్ ఆఫీసులో నడిపించి, ఏడాది నిండడానికి నాలుగు రోజుల ముందు ధ్రువపత్రం చేతికిచ్చాను. మరణస్థలం: కామ్‌రేజ్. చదివి వినిపిస్తే రాజవ్వ, “చాయ్ సంగతి రాయలె గద సారూ?” అని అడిగింది. రాయలేదన్నాను. కొంగుకు ముడేసుకుని పింఛనాఫీసు దారి పట్టింది.

నా పట్టికలో మాత్రం ఆ వార్డు అంకె కదల్లేదు. నర్సయ్య కామ్‌రేజ్ ఖాతాలో పడ్డాడు. నివేదిక అడుగున ఒక గమనిక రాశాను: ‘ఈ వార్డు పెద్దల మరణాలను ఇతర రాష్ట్రాల పుస్తకాల్లోనూ, హైవే మీదా వెతకాలి. పన్ను రశీదు ప్రాణమున్నదనడానికి రుజువు కాదు.’ సాహెబ్ దాన్ని రెండుసార్లు కొట్టేశారు. మూడోసారి నేను ఆయన్ను ఆదివారం మధ్యాహ్నం ఆ గల్లీ బస్సు దగ్గర నిలబెట్టాను. ఒక ముసలాయన్ని నలుగురు కుర్చీతో సహా ఎత్తి లోపలికి ఎక్కిస్తున్నారు. చేతిలో ఒక్కవైపు టికెట్టు. సోమవారం ‘ఆదర్శ’ అన్న మాట పోయింది, గమనిక మిగిలింది.

అంకె మరీ ముద్దొచ్చేలా ఉంటే పెన్ను మూసి బస్సు స్టాపుకు వెళ్ళాలని అప్పుడు నేర్చుకున్నాను. మిగిలిన ఉద్యోగమంతా అలాగే చేశాను. స్టాపుల్లో తాగిన టీల ఖర్చు మాత్రం ఆఫీసు ఇవ్వలేదు.