అత్త ఇంటి రేకుల షెడ్డుల మా ఆల్బమ్

పోయిన మంగళవారం మా మేనత్త చనిపోయింది. ఏన్కూరుల నా సెల్‌ఫోన్ల షాపు షట్టర్ లేపుతుంటే తమ్ముడు ఫోన్ చేసి చెప్పిండు. సగం లేపిన షట్టర్ మళ్ల కిందికి గుంజి కొత్తగూడెం బస్సెక్కిన. దారి పొడుగునా ఏడుపు రాలే. ఈ మధ్య దేనికీ వస్తలేదు, ఒట్టి అలుపే.

ఆమె గురించి నాలుగు ముక్కలు రాయాలంటే మా ఆల్బమ్ సంగతి చెప్పాలె. జనం ఇంకా సీడీలు కొనే రోజులల్ల మేం నలుగురు దోస్తులం రాక్ బ్యాండ్ పెట్టినం. నలుగురం ఒకే చర్చిల పాటలు పాడుకుంట పెరిగినోళ్లమే. గిటార్లు మావి, డ్రమ్స్ చర్చివి, జాగా మాత్రం ఎవ్వరూ ఇయ్యలే. మా మామకు భద్రాచలం భక్తులను తిప్పే కిరాయి జీపు ఉండె. ఆయన పోయినంక అత్త జీపు అమ్మేసింది, జీపు పెట్టే రేకుల షెడ్డు ఖాళీగ పడున్నది. "పెట్టుకోండ్రి, ఎలుకలకన్న మీరే నయం" అన్నది. అదే మా స్టూడియో.

పోంగనే గిటారు ముట్టనిచ్చేది కాదు. "ముందు తినుండ్రి, ఆ తర్వాత మొత్తుకుందురు గాని" అని పళ్లాలు పెట్టేది. పాట బాగుందని గాని, బాగలేదని గాని ఒక్కనాడన్న అనలే. అడివూళ్ల ఆడోళ్లు అంగడికి తెచ్చే చింతపండు కొని, గింజలు తీసి అమ్ముకునేది. మేం షెడ్డుల వాయిస్తుంటే తను వంటింటి గుమ్మంల కూసోని చింతపండును కర్రతోటి టపటప కొడుతుండేది. ఆ సప్పుడు మా మైకులల్ల పడుతున్నదని మాకు తెలుసు. కాని ఆమె ఇంట్ల ఉండి ఆమెనే ఆపుమని ఎట్లంటం? పడితే పడనీ అనుకున్నం.

సీడీ బయటికొచ్చినంక నాకు ఒక్కటే ఆశ. ఎవరన్న ఒక్కరు ఈ పాటలు మాకు కావాలె అంటే సాలు.

పేపరు జిల్లా పేజీల గోదావరి నీటిమట్టం వార్త కింద మా గురించి నాలుగు లైన్లు వేసిండ్రు. అండ్ల మేం భజన బృందం. హైదరాబాదు ఇంగ్లీషు పేపరాయన మాత్రం మొత్తం విన్నడు, వినకుంటేనే బాగుండు. పాడేటోనికి గొంతు లేదట, గిటార్లు దేని తొవ్వ దానిదేనట. ఒక్కటే మెచ్చుకున్నడు. వెనకాల ఎవరో కర్రతోటి వేసే దరువు బాగుందట, బ్యాండు మొత్తంల తాళం తెలిసింది వాళ్లొక్కరికేనట!

తెలుగుల చదివి వినిపిస్తే అత్త ముక్కు మీద వేలేసుకున్నది. "అయ్యో నాయినా, ఆపుమంటే ఆపకపోదునా నేను?" అన్నది. మా డ్రమ్స్ కొట్టెటోని మొఖం చూడాలె అప్పుడు. వారం రోజులు షెడ్డు దిక్కు రాలే వాడు.

ఇగ చర్చి పెద్దలైతే సీడీ వినకుండనే తీర్పు చెప్పిండ్రు. ఇవి సాతాను పాటలు, వచ్చే ఆదివారం డ్రమ్స్ వాపసు తేవాలె అన్నరు. ఆ ఆదివారం పాస్టరుగారు వాక్యం చెప్పుడు అయినంక సాక్ష్యాలు మొదలైనయి. మా దగ్గర ఎవ్వరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. జ్వరం తగ్గిందనో, కొడుక్కు నౌకరి వచ్చిందనో చెప్తరు. అత్త ఎన్నడూ లేవలే. ఆనాడు కొంగు నెత్తి మీదికి లాక్కోని నిలబడ్డది.

"ఈ పోరగాళ్ల పాటలు నాకు నచ్చలే" అన్నది మొట్టమొదలు. "నచ్చినయని ఈడ నిలబడి అబద్ధం చెప్పలేను. కాని మా ఆయన పోయినంక మా ఇంట్ల సప్పుడు లేదు. చెంబు కింద పెడితే ఆ సప్పుడే నాకు తోడు. పొద్దుగూకితే భయమయ్యేది. వీళ్లొచ్చినంక ఆ భయం పోయింది. దేవుడు నాకు చేసిన మేలు గిదే. డ్రమ్స్ తీస్కపోతే తీస్కపోండ్రి, సాతానని మాత్రం అనకుండ్రి."

కూసున్నది. సాక్ష్యం చెప్పినంక సంఘమంత ఆమేన్ అనాలె, అది మా రివాజు. సంఘం అన్నది. పెద్దలూ అన్నరు, జరంత చిన్నగ. డ్రమ్స్ గురించి మళ్ల ఎవ్వరూ అడగలే. ఇన్నేండ్ల తర్వాత కూడ ఆ ఆమేన్ తలుచుకుంటే అత్త కాళ్లు మొక్కబుద్ధయితది.

బ్యాండును ఎవ్వరూ ఆపలే, మేమే అలిసిపోయినం. ఒకడు బొగ్గుగనికి పోయిండు, ఒకడు అత్తగారింటికి ఇల్లరికం పోయిండు. ఇంకొకడు ఆటో కొన్నడు, నేను షాపు పెట్టిన. మిగిలిన సీడీలు అటక మీదికి చేరినయి. అత్త మాత్రం కనబడ్డప్పుడల్లా "మళ్లెప్పుడు మొత్తుకుంటరురా?" అనేది. చూద్దామత్తా అనేటోణ్ణి. ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

సమాధుల తోటల ప్రార్థన అయినంక పాస్టరుగారు మా నలుగురి దిక్కు చూసిండు. "మీ అత్తకు మీరే ఏదన్న పాడుండ్రి" అన్నడు. నలుగురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. నచ్చలేదని సంఘం ముందట చెప్పిన మనిషాయె! అయినా ఆల్బమ్‌ల మొదటి పాటే ఎత్తుకున్నం. గిటార్లు లేవు, గొంతులు ఎన్నడో పోయినయి. రెండో చరణంల మాట యాదికి రాక నలుగురం ఒక్కసారే ఆగినం.

వెనకనుంచి ఆడోళ్లు అందుకున్నరు. అత్త వాడకట్టోళ్లు. గోడవతల అంట్లు తోముకుంట, బట్టలు పిండుకుంట మమ్మల్ని విన్నోళ్లు. మా మొఖాలు చూస్తలేరు, సమాధి గుంత దిక్కే చూస్తున్నరు. మేం ఉరికిచ్చిన పాటను మెల్లగ, కీర్తన పాడినట్టు పాడుతున్నరు, ఒక్క మాట పోకుండ. వాళ్ల వెనక మేం నోరు కలిపినం. అందరి పిడికిళ్లల్ల గుంతల వేసే మన్ను ఉన్నది. పాట అయిపోయేదాక ఎవ్వరూ వెయ్యలే.