తలారి తాత గీసిన గీత

నిన్న మరలో కారం ఆడించుకొస్తుంటే ఆ ఘాటుకి ఆటోలో అందరూ తుమ్మారు. నాకు మాత్రం పర్చూరు దగ్గర మా ఊరి మిరప కల్లాలు కళ్ళముందు పరుచుకున్నాయి. మార్చి ఎండలో నేలంతా ఎర్రగా ఆరబోసిన కాయలు, తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ కబుర్లు, కుండలో చల్లటి మజ్జిగ, సాయంత్రమయ్యేసరికి కాయలన్నీ రాశిపోసి పట్టా కప్పడం, ఆపైన మా తలారి నాంచారయ్య తాత రావడం.

అసలు పోలీసులు ఎక్కడో టౌన్లో ఉండేవాళ్ళు. మా ఊరికి పోలీసంటే తలారే. ప్రభుత్వం ఆ ఉద్యోగం ఎప్పుడో తీసేసినా ఊరు తీసెయ్యలేదు. పిడకల బూడిద గుప్పిట్లోంచి జార్చుకుంటూ తాత రాశి చుట్టూ తెల్లటి గీత గీసేవాడు. తెల్లారి మా నాన్న ముందు గీత చూసి, చెక్కుచెదరకపోతేనే పట్టా తీసేవాడు.

ఏడో తరగతిలో సోషల్ మాస్టారు చెప్పారు, నాగార్జునకొండ శాసనాల్లో 'మహాతలవర' అంటే పెద్ద అధికారి బిరుదనీ, మన తలారి ఆ మాట నుంచే వచ్చిందంటారనీ. ఎగురుకుంటూ పోయి తాతకి చెబితే పగలబడి నవ్వాడు.

"రాళ్ళమీద పేరు నాకెందుకే తల్లీ! ఊళ్ళో నా గీతకి విలువుంటే చాలు."

ఆ విలువ తీసింది నేనే, నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఒక సాయంత్రం తాత గీత గీసి అన్నానికి వెళ్ళినప్పుడు, అంగడాటలో అమ్మడానికి పరికిణీ ఒడినిండా కాయలు ఎత్తుకొస్తూ గీత తొక్కేశాను. భయమేసి మా పొయ్యిలో బూడిద తెచ్చి అతుకేశాను. మాది పత్తికట్టె పొయ్యి. ఆ బూడిద నల్లన.

తెల్లారి నాన్న ఆ నల్లటి అతుకు చూడనే చూశాడు.

"కాయలు తీసి మళ్ళీ గీశావా నాంచారయ్యా? ఇంకెవరికి చేతనవుద్ది?" అన్నాడు పదిమందిలో.

"అది నేను గీసింది కాదయ్యా" అని తాత ఒక్కసారే అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. మధ్యాహ్నానికి నాన్న అన్న మాట ఊరంతా పాకిపోయింది. అన్నం సయించక, అప్పుడు ఏడుస్తూ అమ్మతో చెప్పాను.

నాన్న వెళ్ళి జరిగింది చెప్పి, తాతని బతిమాలి పిలుచుకొచ్చాడు. తాత వచ్చాడు, కాపలా కాశాడు, నాతో ఎప్పటిలాగే నవ్వాడు. బూడిద మాత్రం మళ్ళీ చేత్తో పట్టలేదు.

"గీత మీరే గీసుకోండయ్యా, నేను చూస్తా కూర్చుంటా" అన్నాడు.

ఇప్పుడు కాయలు ఆరీ ఆరగానే కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి, అక్కడ కెమెరాలున్నాయి. తలారీ లేడు, గీతా లేదు. బళ్ళో పాఠం చెప్పేటప్పుడు తలవర మాట పుట్టుక నేనూ చెబుతాను, గొప్పగానే. మధ్యాహ్నం దాకా ఎందుకాగావే అని తాత నన్ను ఒక్కనాడూ అడగలేదు. అడిగుంటే బాగుండేది.